ఇంటి స్పీకర్లకు ఎన్ని వాట్ల యాంప్లిఫయర్ కావాలి: గది కొలత నుంచి వాల్యూమ్ గీత దాకా

మా దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం - ఏ ఊళ్లో సౌండ్ సెట్ల దుకాణం గడప తొక్కినా మొదట వినబడే ప్రశ్న ఒకటే: "ఎన్ని వాట్లది కావాలండీ?" నిజానికి అది అన్నిటికంటే చివర తేలాల్సిన లెక్క. గది ఎంత, కూర్చునేది ఎంత దూరంలో, స్పీకర్ ఒక వాటుకు ఎంత పలుకుతుంది, దాని ఓమ్‌లు (కరెంటుకు అది చూపే అడ్డు) ఎన్ని, సాయంత్రం పూట మీ వీధిలో వోల్టేజీ ఎంత ఉంటుంది... ఇవన్నీ చూసుకుంటే వాట్ల అంకె దానంతటదే బయటపడుతుంది. అలా లెక్క వేసుకున్నవాళ్లలో చాలామందికి అనుకున్నదాంట్లో సగం వాట్లు సరిపోతాయి. మిగిలిన డబ్బు మంచి స్పీకర్ మీద పెట్టొచ్చు. నా సలహా ఎప్పుడూ అదే: ముందు స్పీకర్, ఆ తర్వాతే యాంప్లిఫయర్.

చేతిలో ఉండాల్సినవి కొలిచే టేపు, మామూలు డిజిటల్ మల్టీమీటరు, ఒక 1.5 వోల్టుల పెన్ను సెల్లు, ఫోన్లో శబ్దం కొలిచే ఉచిత యాప్. అంతే.

మొదటి అడుగు: గది, కూర్చునే చోటు

బరంపురం పాత వీధుల ఇళ్లు తెలిసినవే కదా. వీధివైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవెక్కువ. అరుగు, ముందు గది, నడిమి గది, వంటిల్లు, పెరడు ఒకే వరసలో ఉంటాయి. పక్కింటికీ మనకూ గోడ ఒకటే. ఇలాంటి ముందు గదిలో స్పీకర్లను పొట్టి గోడ దగ్గర పెట్టి పొడవు వైపు తిప్పితే మేలు. స్పీకర్ ముఖం నుంచి మీ చెవి దాకా ఎన్ని మీటర్లో కొలిచి రాసుకోండి. మా వైపు ఇళ్లలో ఇది తరచుగా రెండున్నర, మూడు మీటర్లు వస్తుంది.

ఇప్పుడు మీకు హాయిగా ఉండే శబ్దం ఎంతో చూడండి. ఉన్న టీవీలోనో ఫోన్ స్పీకర్‌లోనో మీకు నచ్చినంత గట్టిగా పాట పెట్టి, కూర్చునే చోట యాప్ చూపే అంకె రాసుకోండి. ఫోన్ కొలత నాలుగైదు డెసిబెల్స్ అటూ ఇటూ ఉన్నా మన పనికి చాలు. మామూలు మాటలు 60 దగ్గర ఉంటాయి. పాటను మనసుపెట్టి వినేవాళ్లకు 75 నుంచి 78 చాలు. 85 దగ్గర రోజుకు ఎనిమిది గంటలు గడిపితే చెవులకు నష్టమని వృత్తి ఆరోగ్య నిపుణులు గీత గీశారు, కాబట్టి అది రోజువారీ లెక్క కాకూడదు.

ఆ సగటు మీద పాటలో ఒక్కసారిగా లేచే దెబ్బలుంటాయి. సరిగ్గా రికార్డు చేసిన నాదస్వరం కచేరీలో డోలు దెబ్బ సగటు కంటే 15, 18 డెసిబెల్స్ పైకి లేస్తుంది. ఈమధ్య సినిమా పాటల్లో అంతా నొక్కిపెట్టి ఒకే ఎత్తుకు తెస్తారు గనక ఆ తేడా 8, 10కి మించదు. యాంప్లిఫయర్ శక్తి అవసరమయ్యేది ఈ దెబ్బల కోసమే. సగటు శబ్దానికి అది చేసే పని చాలా తక్కువ.

రెండో అడుగు: స్పీకర్ వెనక చీటీ చదవడం

అక్కడ మూడు సంగతులు చూడాలి. మొదటిది సున్నితత్వం: 2.83 వోల్టులు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందో ఆ అంకె. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 2.83 వోల్టులంటే సరిగ్గా 1 వాటు. 4 ఓమ్‌లదైతే అదే వోల్టేజీకి 2 వాట్లు పోతాయి. అందుకే 4 ఓమ్‌ల స్పీకర్ చీటీ మీద సున్నితత్వం 3 డెసిబెల్స్ ఎక్కువగా కనబడుతుంది, పోల్చేటప్పుడు అది తీసేసి చూడాలి. ఇళ్లలో వాడే పెట్టెలు మామూలుగా 84 నుంచి 91 మధ్య ఉంటాయి. ఈ ఒక్క అంకెను దుకాణంలో ఎవరూ అడగరు. అసలు కీలకం అదే.

రెండోది ఓమ్‌లు, దాని గురించి తర్వాత విడిగా చెబుతాను. మూడోది స్పీకర్ తట్టుకునే వాట్లు. ఇక్కడ నిరంతరంగా తట్టుకునే అంకెనే చూడండి. ‘ప్రోగ్రామ్’ అని రాస్తే సాధారణంగా అది అసలుకు రెండింతలు, ‘పీక్’ అని రాస్తే నాలుగింతలు. 200 వాట్ల పీక్ అన్న పెట్టె అంటే 50 వాట్ల పెట్టె అన్నమాట.

మూడో అడుగు: లెక్క

మూడు సూత్రాలు గుర్తుంటే చాలు. వాట్లు రెండింతలైతే 3 డెసిబెల్స్ పెరుగుతాయి. పదింతలైతే 10 పెరుగుతాయి. చెవికి శబ్దం రెండింతలైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి. అంటే 50 వాట్ల సెట్టు తీసేసి 100 వాట్లది పెడితే చెవికి తెలిసే తేడా కొంచెమే.

ఒక గది తీసుకుందాం: వెడల్పు 10 అడుగులు, పొడవు 16, స్లాబు కప్పు, కూర్చునేది 3 మీటర్ల దూరంలో. స్పీకర్ సున్నితత్వం 88. ఆరుబయటైతే ఒక మీటరు నుంచి మూడు మీటర్లకు వచ్చేసరికి తొమ్మిదిన్నర డెసిబెల్స్ తగ్గుతాయి. గదిలో రెండు స్పీకర్లు కలిసి పలుకుతాయి, గోడలు కొంత తిప్పి పంపుతాయి. ఆ రెండూ కలిపి అయిదారు వెనక్కి వస్తాయి. నికరంగా 4 తగ్గుతుందనుకోండి. అంటే ఒక్కో స్పీకర్‌కు 1 వాటు ఇస్తే మీ చెవి దగ్గర 84.

మీకు కావలసిన సగటు 78. అది 84 కంటే 6 తక్కువ, అంటే పావు వాటు! పాట హాయిగా వినబడటానికి పావు వాటు చాలు. ఇప్పుడు డోలు దెబ్బ: 78కి 18 కలిపితే 96. ఇది 84 కంటే 12 ఎక్కువ, అంటే 16 వాట్లు. దాని మీద జాగ్రత్తకు ఇంకో 3 డెసిబెల్స్ వేసుకుంటే 32 వాట్లు. ఈ గదికి, ఈ స్పీకర్‌కు ఒక్కో వైపు 30 నుంచి 40 నిజమైన వాట్లు కావాలి. అంతకు మించి అక్కర్లేదు.

స్పీకర్ మారితే లెక్క ఎలా తిరగబడుతుందో చూడండి. సున్నితత్వం 84 ఉన్న చిన్న పెట్టెకు ఇదే శబ్దం కావాలంటే రెండున్నర రెట్లు, అంటే 80 వాట్లు. 91 ఉన్నదానికి 16 వాట్లు చాలు. ఇక మీకు సగటే 85 కావాలంటే 88 స్పీకర్‌తో 160 వాట్లు అవుతుంది. అప్పుడు పెద్ద యాంప్లిఫయర్ వైపు చూడొద్దు, సున్నితత్వం ఎక్కువున్న స్పీకర్ వెతకండి. ఖర్చు తగ్గుతుంది, శబ్దం కూడా స్వచ్ఛంగా ఉంటుంది.

పెంకుటింట్లో పైకప్పు సందుల్లోంచి బేస్ బయటికి పోతుంది, అక్కడ ఇంకో 3 డెసిబెల్స్ వేసుకోండి. స్లాబు ఇంట్లో నున్నటి గచ్చు, ఉత్తి గోడలు ఉంటే శబ్దం గణగణలాడుతుంది, దానికి వాట్లు మందు కావు. చాపో, దుప్పటో, మందపాటి తెరో వేయాలి.

నాలుగో అడుగు: రాసిన వాట్లలో నిజమెంత

ఈ అడుగు దగ్గర తొందరపడకండి. పర్లాకిమిడిలో మా చిన్నాన్నగారు ఒకసారి పిలిచి అడిగారు: "ఏటిరా, పెట్టె మీద అయిదొందల వాట్లని ఉంది, పాట మాత్రం పట్టుమని పది నిమిషాలు వినలేకపోతన్నాం. సౌండ్ చీలిపోతంది."

"మూత ఇప్పొచ్చా చిన్నాన్నా?" అన్నాను.

ప్లగ్గు పీకి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా కాసేపు ఆగి మూత తీశాం. లోపల 12-0-12 (మధ్య తీగకు అటూ ఇటూ 12 వోల్టుల చొప్పున ఇచ్చే), 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు, దానికి తగిలించిన ఒక 4440 ఐసీ (యాంప్లిఫయర్ చిప్) బోర్డు. ఇంకేం లేదు. లెక్క అక్కడే తేలిపోయింది. 12 వోల్టులను 5 ఆంపియర్లతో గుణిస్తే 60 వాట్లు, రెండు సగాలూ కలిపి ఉదారంగా చూసినా 120. ట్రాన్స్‌ఫార్మరు ఇవ్వలేని శక్తి స్పీకర్ దాకా ఎక్కణ్నుంచి వస్తుంది? పైగా ఆ ఐసీకి తయారీదారు రాసిన అంకె 4 ఓమ్‌ల దగ్గర ఒక్కో చానెల్‌కు (ఎడమ, కుడి వైపుల్లో ఒక్కోదానికి) 6 వాట్లు. చిన్నాన్నగారి స్పీకర్లు 8 ఓమ్‌లవి కాబట్టి అందులో సుమారు సగం. సున్నితత్వం 86 పెట్టెలు, పొడుగాటి హాలు, మూడు నాలుగు వాట్లు. గొంతుకు మించిన శ్రుతిలో పాడితే పగిలినట్టే శబ్దమూ పగులుతుంది మరి. ఒక్కో వైపు 40 వాట్లు నిజంగా ఇచ్చే సెట్టు పెట్టాక అదే స్పీకర్లు, అదే హాలు. "ఇప్పుడు సన్నాయి సన్నాయిలాగుంది" అన్నారాయన.

అందుకని ఏ సెట్టునైనా ఇలా పరీక్షించండి. పీఎమ్‌పీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి అని వేసే అంకె) అని ఉంటే ఆ అంకెను వదిలేయండి, దానికి ఒప్పుకున్న కొలమానం అంటూ లేదు. ఆర్‌ఎమ్‌ఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి) అని ఉంటే పక్కన మూడు సంగతులు వెతకండి: ఎన్ని ఓమ్‌ల దగ్గర, ఎంత వక్రీకరణతో (శబ్దం అసలు రూపు చెడటం), రెండు చానెళ్లూ ఒకేసారి పలుకుతుండగానా. 1 శాతం లోపు వక్రీకరణతో చెప్పిన 40 వాట్లు, 10 శాతంతో చెప్పిన 50 వాట్ల కంటే తక్కువేమీ కాదు. 10 శాతం దగ్గర శబ్దం అప్పటికే చీలిపోయి ఉంటుంది.

ఇప్పుడు బాగా అమ్ముడుపోతున్న చిన్న డీ క్లాస్ (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ తక్కువ వేడితో పనిచేసే) బోర్డులకూ ఇదే చూపు. టీపీఏ 3116 ఐసీకి చెప్పే 50 వాట్లు 21 వోల్టుల సరఫరాతో, 4 ఓమ్‌ల స్పీకర్‌కు, 10 శాతం వక్రీకరణ దగ్గర. 24 వోల్టుల అడాప్టరుతో 8 ఓమ్‌ల స్పీకర్‌కు సుమారు 30 వస్తుంది. మన గది లెక్కకు అది దగ్గరగానే ఉంది, ధర తక్కువ, నాకు ఆ బోర్డులంటే గౌరవమే. కానీ 24 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టరు తగిలిస్తే మొత్తం 48 వాట్లే, రెండు వైపులకూ కలిపి. 5 ఆంపియర్లది తీసుకోండి.

అయిదో అడుగు: ఓమ్‌లు

వాట్లు కాస్త అటూ ఇటూ అయితే పెద్ద ప్రమాదం లేదు. ఓమ్‌లు తప్పితే సెట్టు కాలుతుంది. యాంప్లిఫయర్ వెనక ‘4 నుంచి 8 ఓమ్‌లు’ అని ఉంటే నిశ్చింత. ‘8 ఓమ్‌లు’ అనో ‘6 నుంచి 16’ అనో ఉంటే 4 ఓమ్‌ల స్పీకర్ పెట్టకండి. చీటీ చిరిగిపోయిన స్పీకర్‌కు మల్టీమీటరు పెట్టి చూడండి: 8 ఓమ్‌లది సుమారు 6, 7 మధ్య చూపిస్తుంది, 4 ఓమ్‌లది 3 పైచిలుకు. రాసిన ఓమ్‌లు సగటు అంకె మాత్రమే. కొన్ని స్వరాల దగ్గర అది కిందికి దిగుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రాసినదాంట్లో 80 శాతం కంటే దిగకూడదు, అంటే 8కి 6.4. అన్ని పెట్టెలూ ఆ మాట నిలబెట్టుకోవు.

మా వరస ఇళ్లలో ఎక్కువగా కనబడే తప్పు ఇక్కడే. ముందు గదిలో సెట్టు, నడిమి గదిలో ఇంకో జత, వంటింట్లో ఒకటి, పెరట్లో ఒకటి, అన్నీ అవే స్క్రూలకు చుట్టేస్తారు. రెండు 8 ఓమ్‌లవి పక్కపక్కన (ప్లస్‌లన్నీ ఒక చోట, మైనస్‌లన్నీ ఒక చోట) కలిపితే 4. మూడైతే 2.67. నాలుగైతే 2. ఓమ్‌లు సగమైన ప్రతిసారీ అదే వాల్యూమ్‌కు కరెంటు రెండింతలు లాగుతుంది, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మలమలా కాగుతాయి. పెళ్లింట్లో పొద్దున్నుంచి మోగిన సెట్టు సాయంత్రానికి చచ్చిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

నాలుగు స్పీకర్లు తప్పనిసరైతే రెండేసి వరసగా (ఒకదాని మైనస్ రెండోదాని ప్లస్‌కు) కలిపి, ఆ రెండు జతలను పక్కపక్కన కలపండి. మళ్లీ 8 ఓమ్‌లే వస్తాయి. నాలుగూ ఒకే రకానివి కావాలి. ఇంకా మంచి దారి, పెరటికి వేరే చిన్న బోర్డు పెట్టడం. వంటింట్లో పాట ఆపాలనుకున్నప్పుడు ముందు గదిలో ఆగక్కర్లేదు.

ఆరో అడుగు: మీ ఊరి కరెంటు

ట్రాన్స్‌ఫార్మరు ఉన్న మామూలు సెట్టులో వోల్టేజీ పడితే శక్తి వర్గం లెక్కన పడుతుంది. 230 ఉండాల్సింది 190కి దిగితే 50 వాట్ల సెట్టు 34 దగ్గర ఆగిపోతుంది. గజపతి, రాయగడ జిల్లాల పల్లెల్లో వేసవి సాయంత్రాలు లైట్లు మసకబారే చోట్ల ఉన్నవాళ్లు లెక్కలో వచ్చిన వాట్లకు సగం కలుపుకోవాలి, లేదా మంచి స్టెబిలైజరు పెట్టుకోవాలి. ఎస్‌ఎమ్‌పీఎస్ (బరువైన ట్రాన్స్‌ఫార్మరుకు బదులు వేగంగా స్విచ్ చేసే) సరఫరా ఉన్న సెట్లకు ఈ తిప్పలు లేవు, దాని మీద రాసిన వోల్టేజీ హద్దుల్లో ఉన్నంతవరకు అవుట్‌పుట్ నిలకడగా ఉంటుంది.

ఇన్వర్టర్ సంగతి కూడా. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపానునూ, 2018లో గజపతిని అతలాకుతలం చేసిన తిత్లీనీ చూసిన మనకు ఇన్వర్టర్ విలువ చెప్పక్కర్లేదు. అయితే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు గుయ్యిమంటుంది, శక్తి కూడా దాదాపు సగానికి పడుతుంది. లైను కరెంటులో 230 వోల్టుల అల శిఖరం 325 దాకా వెళ్తుంది, లోపలి కెపాసిటర్లు నిండేది ఆ శిఖరంతోనే. చదునైన అలలో ఆ శిఖరం ఉండదు. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఈ బాధ లేదు. పిడుగులు పడే వేళ ప్లగ్గు పీకేయడానికి మించిన రక్షణ ఇంకోటి లేదు.

ఏడో అడుగు: కలిపే ముందు, కలిపేటప్పుడు

కొత్తదైనా పాతదైనా సెట్టును స్పీకర్‌కు తగిలించే ముందు, వాల్యూమ్ సున్నాలో పెట్టి ఆన్ చేసి, స్పీకర్ స్క్రూల మధ్య మల్టీమీటరు డీసీలో పెట్టి చూడండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. రెండు మూడు వోల్టులు కనబడితే లోపల ట్రాన్సిస్టరు పోయిందని అర్థం. తగిలిస్తే వూఫర్ (బేస్ పలికే పెద్ద కోన్) కాయిల్ మాడిపోతుంది. డీ క్లాస్ బోర్డుల్లో రెండు చానెళ్ల నెగెటివ్‌లను ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలపకండి, వాటి నెగెటివ్ కూడా పలుకుతూనే ఉంటుంది.

వైరుకు చదరపు మిల్లీమీటరున్నర రాగి చాలు. అటూ ఇటూ కలిపి 16 మీటర్ల తీగ అంటే 0.18 ఓమ్, 8 ఓమ్‌ల స్పీకర్‌కు లెక్కలోకి రాదు. సన్నటి అర చదరపు మిల్లీమీటరు తీగైతే అదే దూరానికి అరకు మించుతుంది, శక్తీ పోతుంది, బేస్ పట్టు కూడా తప్పుతుంది. నడిమి గది దాటి వెళ్లే వైర్లకు రెండున్నర వేయండి.

ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్. గుర్తులు చెరిగిపోతే పెన్ను సెల్లును వూఫర్‌కు ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి వస్తే సెల్లు ప్లస్ తాకిన వైపే స్పీకర్ ప్లస్.

ఎనిమిదో అడుగు: వాల్యూమ్‌కు గీత

చిన్న యాంప్లిఫయర్ స్పీకర్లను కాలుస్తుందని దుకాణాల్లో చెబుతారు. అది సగం నిజం. కాల్చేది హద్దు దాటించిన వాల్యూమ్. అలల నెత్తులు తెగిపోయాక అది ఇచ్చే సగటు శక్తి పెరుగుతుంది, తెగిన అంచుల్లోంచి పుట్టే పదునైన శబ్దాలు ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్) మీద పడతాయి. 50 వాట్ల సెట్టు పూర్తిగా చీలిన స్థితిలో 100 వాట్ల దాకా పంపగలదు. పెద్ద యాంప్లిఫయర్ ఉన్నా ఇంతే, పిల్లలు మీట తిప్పేస్తే వూఫర్ పోతుంది. స్పీకర్ నిరంతరంగా తట్టుకునే వాట్లకు ఒకటి నుంచి ఒకటిన్నర రెట్లున్న యాంప్లిఫయర్ మంచి జోడు, మీట మీద హద్దు ఉంటే.

ఆ హద్దు ఇలా తీయాలి. గాజు వాల్వులున్న పాతకాలపు సెట్టుకు ఈ పద్ధతి వాడకండి. స్పీకర్లు విప్పేయండి. ఫోన్లో 100 హెర్ట్జ్ పూర్తి స్థాయి టోన్ పెట్టి ఫోన్ వాల్యూమ్ నిండుగా ఉంచండి, బేస్, ట్రెబుల్ మీటలు మధ్యలో. మల్టీమీటరు ఏసీ వోల్టులలో పెట్టి ఒక చానెల్ స్క్రూల మధ్య ఆనించండి. స్పీకర్ వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే మీ వోల్టేజీ: 8 ఓమ్‌లు, 50 వాట్లకు 20 వోల్టులు, 40కి 17.9, 30కి 15.5. యాంప్లిఫయర్ వాట్లు, స్పీకర్ వాట్లు, ఈ రెంటిలో తక్కువదాన్ని పట్టుకోండి. మీట నెమ్మదిగా తిప్పుతూ ఆ వోల్టేజీకి పదో వంతు తక్కువ దగ్గర ఆగి, పెయింటుతో చిన్న గీత గీయండి. అంతకు ముందే మీటరు అంకె పెరగడం మందగిస్తే సెట్టు చీలడం మొదలైనట్టే, గీత అక్కడికి కాస్త ముందే పెట్టండి. చాలా సెట్లలో ఈ గీత మీట సగం దగ్గరే పడుతుంది. మీట తిరిగినంతా శక్తి అనుకోవడం పొరపాటు.

గీత గీశాక బేస్ బూస్ట్ నొక్కితే ఆ గీత చెల్లదు. 6 డెసిబెల్స్ పెంచితే ఆ స్వరాల దగ్గర శక్తి నాలుగింతలు, 10 పెంచితే పదింతలు కావాలి. బేస్ చాలకపోతే స్పీకర్‌ను గోడకు అరడుగు దగ్గరికి జరిపి చూడండి, ఖర్చు లేకుండా పెరుగుతుంది. ఉమ్మడి గోడ ఉన్నచోట మటుకు పక్కింటివాళ్లనూ అడగండి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ అని 2000 నాటి నియమాలు చెబుతున్నాయి.

పాత స్పీకర్లు కొనే ఆలోచన ఉంటే ఒక్క పని చేయండి: ముందు జాలీ తీసి వూఫర్ అంచును వేలితో మెల్లగా తాకండి. ఫోమ్ అంచులు మన తీరపు తేమకు పదిపదిహేనేళ్లలో పొడి పొడి అవుతాయి. వేలికి నల్లగా అంటితే అంచు మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. రబ్బరు అంచు ఉన్నవాటికి ఆ బెంగ లేదు. తర్వాత రెండు అరచేతులతో కోన్‌ను సమానంగా కొంచెం లోపలికి నొక్కండి. గరగరమంటే కాయిల్ రాసుకుంటోంది, ఆ పెట్టె ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి.